జోషీమఠ్ అవ్వ, ఔలీ మంచు

తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్ళకు మంచు అంటే ధనుర్మాసంలో తెల్లవారుజామున ఘాట్ రోడ్డును కమ్ముకునేదే. బస్సు ముందద్దం మీద వైపరు ఆడిస్తే పోతుంది, కాస్త ఎండ పొడ తగిలితే విడిపోతుంది. గడ్డి మీద మెరిసేదాన్నీ మంచే అంటాం, పొగలా పట్టేదాన్నీ మంచే అంటాం. ఆకాశం నుంచి దూదిలా రాలి, మోకాలి లోతున పేరుకుని, అడుగేస్తే కరకరమనే మంచు ఇంకొకటి ఉందని చదువుకున్నాం, సినిమా పాటల్లో చూశాం, అంతే. దాన్ని నేను మొదటిసారి చేత్తో పట్టుకున్నది 2012 ఫిబ్రవరిలో. అప్పటికి నాకు ముప్పై ఆరేళ్ళు.

మేం పద్నాలుగు మందిమి. ప్రతి శనివారం తెల్లారకముందే అలిపిరి నుంచి కొండెక్కేవాళ్ళం. అక్కడే ఒకరికొకరం పరిచయమై, నెమ్మదిగా ఒక క్లబ్బులా తయారయ్యాం. పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థం, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం, సెలవు దొరికితే తలకోన. రిటైరైన లెక్కల మాష్టారు, బ్యాంకులో పనిచేసే అక్క, సైకిల్ షాపు అన్న, చంద్రగిరి దగ్గర చెనిక్కాయలు, రాగులు పండించే రైతన్న, ఇంజినీరింగు చదివే ఇద్దరు పిల్లలు, ఇంకా కొంతమంది. కొండెక్కడం తప్ప వేరే ఆట తెలియని మనుషులం.

ఒక శనివారం గాలిగోపురం దగ్గర కూర్చుని చెమట ఆర్చుకుంటుంటే, ఇంజినీరింగు పిల్లవాడు సెల్లులో ఒక ఫొటో చూపించాడు. ఉత్తరాఖండ్‌లో ఔలీ. దేవదారు చెట్ల మధ్య తెల్లటి వాలు, దాని మీద కాళ్ళకు పొడవాటి పలకలు కట్టుకుని జారుతున్న మనుషులు. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వాళ్ళు అక్కడ స్కీయింగ్ నేర్పుతారు, ఏడు రోజుల కోర్సు, పద్నాలుగు రోజుల కోర్సు రెండూ ఉన్నాయి, బస, భోజనం, సామాను అన్నీ వాళ్ళవే అన్నాడు. మాష్టారు ఆ ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు.

"మా వయసోళ్ళకు గూడా నేర్పిస్తారా నాయనా?" అని అడిగారు.

ఆ తర్వాత ప్రతి శనివారం ఆయనదే మాట. అప్పటికి ఆయనకు అరవై ఒకటి. ముప్పై మూడేళ్ళు పాఠం చెప్పిన మనిషి ఏదైనా నేర్చుకోవాలని అంతగా ఆశపడటం నాకు ఎంతో నచ్చింది. ఆయన కోసమే సగం మంది ఒప్పుకున్నాం.

తయారీ అంతా మాకు తెలిసిన పద్ధతిలోనే జరిగింది. మోకాళ్ళు గట్టిపడాలని వారానికి రెండుసార్లు 3,550 మెట్లు ఎక్కాం, దిగాం. చలికాలంలో రోడ్డు పక్కన స్వెట్టర్లు పెట్టుకుని అమ్మేవాళ్ళ దగ్గర బేరమాడి కొన్నాం. మా ఇంట్లో నిప్పట్లు ఒక డబ్బా, చెనిక్కాయల పొడి ఒక డబ్బా సర్దారు. రైతన్న తన చేలో పండిన రాగుల పిండి రెండు కిలోలు తెచ్చాడు. ఎక్కడికి పోయినా పొద్దున అంబలి లేకపోతే ఆయనకు తెల్లారదు.

సంపర్క్ క్రాంతిలో ఢిల్లీ చేరడానికి రోజున్నర. అక్కడి నుంచి ఋషీకేశ్. దేవస్థానం వారి ఆంధ్రా ఆశ్రమంలో ఒక రాత్రి ఉన్నాం. అక్కడ వెంకటేశ్వరస్వామి గుడి ఉంది. ఇంతదూరం వచ్చినా ఆయన మనకంటే ముందే వచ్చి కూర్చున్నాడే అని అక్క కళ్ళు తుడుచుకుంది. తెల్లవారి ముందు గంగ, దేవప్రయాగ దాటాక అలకనంద పక్కనే 250 కిలోమీటర్ల దాకా వంకర్ల రోడ్డు. దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగ. ప్రతి ప్రయాగ దగ్గరా ఇంకో నది వచ్చి కలుస్తుంటే మాష్టారు కిటికీ అద్దం దించి దండం పెట్టుకునేవారు, వెనక కూర్చున్నవాళ్ళు చలి చలి అని అరిచేవాళ్ళు. సైకిల్ షాపు అన్నకు దారంతా వాంతులు. జోషీమఠ్ చేరేసరికి చీకటి పడింది.

అక్కడ మేం దిగింది ఒక అవ్వ ఇంట్లో. గదులు అద్దెకిచ్చి, అడిగితే వండిపెట్టేది. చెక్క మెట్లు, రేకు పైకప్పు, మధ్య గదిలో కట్టెల పొయ్యి. బయట వేళ్ళు వంగడం లేదు. ఆ పొయ్యి చుట్టూ పద్నాలుగు మందిమీ ముడుచుకుని కూర్చుంటే, అవ్వ కంచాల్లో రొట్టె, పప్పు పెట్టింది. రొట్టె నల్లగా, మందంగా ఉంది. పొయ్యి వెలుగులో అదేమిటో పోల్చుకోలేకపోయాం. రైతన్న ఒక తుంట తుంచి నోట్లో పెట్టుకుని, నమలడం ఆపేశాడు.

"ఇది మన రాగి గదా!"

అక్క వచ్చిన హిందీలో అడిగింది. మండువా అంది అవ్వ. రైతన్న ఊరుకుంటాడా? పిండి చూపించమని సైగ చేశాడు. అవ్వ లోపలికి వెళ్ళి పిండి కాదు, గింజలే గుప్పెడు తెచ్చింది. ఎర్రగా, ఆవాలంత గుండ్రంగా, అవే రాగులు. అన్న తన సంచి విప్పి, తెచ్చుకున్న పిండి చేతిలో పోసుకుని ఆమె చేతి పక్కన పెట్టాడు. ఆమె చెయ్యి చలికి పగిలి, గీతల్లో మసి పట్టి ఉంది. ఆయన చెయ్యి పార పట్టి కాయలు కాసి ఉంది. అవ్వ ఆ పిండిని వేలితో అద్ది నాలుక మీద పెట్టుకుని, పొయ్యి దగ్గరున్న కోడలిని పిలిచి ఏదో చెప్పింది. వాళ్ళ మాట మాకు అర్థం కాలేదు కానీ, కోడలు వచ్చి మా అందరి మొహాలూ ఒకసారి చూసి నవ్వింది. పప్పు సంగతి ఆ తర్వాత తేలింది. గహత్ అన్నారు. ఉలవలు! తెల్లవారి ఇంకో గిన్నెలో పాయసంలా వండి పెట్టిన ఝంగోరా మన ఊదల లాంటిదే. సంగటి ముద్ద, ఉలవచారు తిని పెరిగిన మాకు, మంచుకొండల్లో మొదటి భోజనం ఇంటి భోజనమైంది. ఆ రాత్రి నుంచి ఆమెను మేం అవ్వా అనే పిలిచాం. ఆమె కూడా అదే తన పేరన్నట్టు పలికేది.

పొద్దున్నే నరసింహస్వామి గుడికి పోయాం. చలికాలం బదరీనాథ్ గుడి మూసేసినప్పుడు ఆ స్వామి పూజలు ఇక్కడే జరుగుతాయి. నరసింహుడి చెయ్యి ఏడాదికేడాది సన్నబడుతోందని, అది తెగిపడిననాడు జయ విజయ అనే రెండు కొండలు కలిసిపోయి బదరీ దారి మూసుకుపోతుందని అక్కడివాళ్ళ నమ్మకం. జయవిజయులంటే మాకు బంగారు వాకిలి దగ్గర నిలబడ్డ ద్వారపాలకులు. ఆ మాట వినగానే మాష్టారు వెనక్కి తిరిగి కొండల వైపు చూశారు. ఏ రెండు కొండలు సామీ అని ఎవరినీ అడగలేదు.

జోషీమఠ్ నుంచి ఔలీకి రోప్‌వే. దాదాపు నాలుగు కిలోమీటర్ల తీగ, పది టవర్లు. కింద ఊరి ఇళ్ళు అగ్గిపెట్టెల్లా చిన్నవైపోయాయి. ఆ తర్వాత దేవదారు అడవి, ఆ పైన తెలుపు. ఇంకాస్త పైకి పోయామో లేదో చెట్ల కింద అక్కడక్కడా సున్నం చల్లినట్టు కనబడింది, ఇంకాసేపటికి నేలంటూ లేకుండా పోయింది. పెట్టెలో అందరం మాట్లాడటం మానేశాం. దిగాక ఎవరు ముందు కాలు పెడతారని ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. చిన్నపిల్లలకు పుట్టెంట్రుకలు తీయించేటప్పుడు ఉండేలాంటి గాబరా, సంతోషం కలిసి ఉన్నాయి. మాష్టారు ముందు చెయ్యి ఆనించి కళ్ళకద్దుకుని, తర్వాత కాలు పెట్టారు. కల్లుప్పు బస్తా మీద నడిచినట్టు చప్పుడైంది.

రెండో రోజు మధ్యాహ్నం మంచు కురిసింది. నాకు వాన తెలుసు, వడగళ్ళు తెలుసు. ఇది పడుతుంటే చప్పుడే లేదు. మాష్టారి మెరూన్ స్వెట్టరు చేతి మీద ఒక రేకు వచ్చి వాలింది. కళ్ళద్దాలు ముక్కు మీదికి లాక్కుని చూశారు. ఆవగింజకు రెండింతలు ఉంటుందేమో. నూలు పోగంత సన్నటి ఆరు కొమ్మలు, ఒక్కో కొమ్మకు మళ్ళీ చిన్న చిన్న రెమ్మలు. మా అమ్మ సంక్రాంతి నాడు చుక్కలు పెట్టి కలిపే ముగ్గు లాగే ఉంది. "ఆరే చూడు, ఐదు కాదు ఏడు కాదు" అన్నారు ఆయన గుసగుసగా, పెద్దగా మాట్లాడితే అది కరిగిపోతుందేమో అన్నట్టు. నీటి కణాలు గడ్డకట్టేటప్పుడు ఆరు మూలలుగా అల్లుకుంటాయని, అందుకే ఏ రేకైనా ఆరు వైపులే పెరుగుతుందని చెప్పారు. చెబుతుండగానే అది నీటి చుక్కై ఊలులో ఇంకిపోయింది. ఆయన చెయ్యి అలాగే చాచి, ఇంకొకటి పడేదాకా నిలబడ్డారు.

స్కీయింగ్ గురించి చెప్పాలంటే బూటు దగ్గర మొదలుపెట్టాలి. గట్టి ప్లాస్టిక్ బూటు, పిక్క దాకా వస్తుంది, చీలమండ అసలు కదలనివ్వదు. దాని కొనను పలక మీది పట్టులో దూర్చి, మడమతో ఒక్క తొక్కు తొక్కితే టక్కుమని పడుతుంది. పడిపోయినప్పుడు కాలు మెలితిరగకుండా ఆ పట్టు దానంతటదే ఊడిపోతుంది. మొదటిరోజు మా చుట్టూ ఊడిపోయిన పలకలే. వాలు మీద ఆపుకోవడానికి ముందు కొనలు దగ్గరికి, వెనక తోకలు దూరానికి పెట్టి, లోపలి అంచులు మంచులో దిగేలా నొక్కాలి. స్నో ప్లౌ అంటారు. ఆ మాట మాకు పట్టలేదు. రైతన్న మాత్రం రెండు చేతులూ ముక్కోణంలా కలిపి "నాగలి కర్రు గదప్పా ఇది! లోతు కావాలంటే మేడి మీద బరువెయ్యాల" అన్నాడు. మా అందరిలో ముందుగా వాలు మీద ఆగగలిగింది ఆయనే.

ఎక్కడంలో మాకు తిరుగులేదు. మొదట్లో లిఫ్టు ఎక్కనివ్వరు. పలకలు అడ్డంగా పెట్టి, పక్కవాటుగా ఒక్కో అడుగే వేసుకుంటూ వాలు పైకి పోవాలి. ఢిల్లీ నుంచి వచ్చిన కుర్రాళ్ళు రొప్పుతూ కూలబడితే, మా వరస గోవిందా అనుకుంటూ పైకి పోయేది. కష్టమంతా దిగడంలోనే. భయం వేస్తే మనిషి వెనక్కి వాలతాడు. మెట్లు దిగేటప్పుడు ఆ అలవాటే కాపాడుతుంది. స్కీ మీద వెనక్కి వాలితే ముందు కొనల మీద బరువు పోయి, పలకలు మన మాట వినడం మానేసి దూసుకుపోతాయి. లోయ వైపు, పడబోయే వైపే ఒళ్ళు వంచాలి. ఇన్నేళ్ళుగా మెట్ల మీద ఒంటికి పట్టిన బుద్ధిని ఏడు రోజుల్లో తిప్పడం ఎంత కష్టమో! నేర్పే ఆయన రోజంతా ఒకటే కేక. "ఘుట్నే మోడో! ఘుట్నే మోడో!" మోకాళ్ళు వంచండి అని.

"మోకాళ్ళ పర్వతం ఎక్కినోళ్ళం. మోకాళ్ళు వంచేది మాకు చెప్పాలా సామీ" అని మాష్టారు తెలుగులోనే బదులిచ్చి, ఆ మరుక్షణమే పడిపోయారు.

ఆయన జేబులో ఒక చిన్న నోటు పుస్తకం ఉండేది. ఎన్నిసార్లు పడ్డారో ప్రతి సాయంత్రం రాసుకునేవారు. మొదటి రోజు 31. రెండో రోజు 26. నాలుగో రోజు 14. పడ్డప్పుడు ఎవరైనా చెయ్యి అందిస్తే తీసుకునేవారు కాదు. పలకలు రెండూ వాలుకు అడ్డంగా పెట్టి, కర్రల మీద బరువు మోపి, మెల్లగా లేచి, మోకాళ్ళ మీది మంచు దులుపుకుని మళ్ళీ వరసలో నిలబడేవారు. ఆఖరి రోజు పొద్దున నందాదేవి శిఖరం మీద ఎండ పడింది. 7,816 మీటర్ల కొండ కొసన ముందు కుంకుమ రంగు, చూస్తుండగానే పసుపు. ఆ వెలుగులో మాష్టారు వాలు పైనుంచి బయలుదేరారు. మేమంతా కింద నిలబడి ఉన్నాం. కుడికి ఒక మలుపు, ఎడమకు ఒక మలుపు, మళ్ళీ కుడికి. ఎక్కడా పడలేదు. మా ముందుకొచ్చి, నాగలి పట్టి ఆగారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, "ఏడుకొండలవాడా, వెంకటరమణా" అంటే అందరం "గోవిందా గోవిందా" అని అరిచాం. ఆ కొండల్లో మా గొంతు ఎంతసేపు తిరిగిందో. నేర్పే ఆయన కూడా చేతులెత్తి "గోవిందా" అన్నాడు. ఆ రోజు నోటు పుస్తకంలో రాసిన అంకె 3.

తిరుగు ప్రయాణం రోజు ఆకాశం మూసుకుంది. గాలికి రోప్‌వే ఆపేశారు. చక్రాలకు గొలుసులు కట్టిన జీపుల్లో ఎలాగో జోషీమఠ్ దిగాం కానీ, కింద రోడ్డు మూతపడిందన్నారు. ట్రైను పోతుందని అందరికీ టెన్షన్. బ్యాంకు అక్క సెలవు అయిపోతోంది, ఇంజినీరింగు పిల్లలకు పరీక్షలు. ట్రైను పోనే పోయింది. రెండు రోజులు అవ్వ ఇంట్లో ఉండిపోయాం. ఇన్నేళ్ళ తర్వాత నాకు ఎక్కువగా గుర్తొచ్చేవి ఆ రెండు రోజులే.

కరెంటు లేదు. కొళాయిలో నీళ్ళు గడ్డకట్టాయి. అవ్వ బయటి మంచునే గిన్నెలోకి తోడి పొయ్యి మీద కరిగించేది. గిన్నె నిండా మంచు పెడితే అడుగున కాసిన్ని నీళ్ళు వచ్చేవి. మా నిప్పట్లు ఆమెకు పెట్టాం, కారానికి కళ్ళ నీళ్ళు పెట్టుకుని మళ్ళీ ఇంకొకటి అడిగింది. రైతన్న ఆ పొయ్యి మీదే రాగి సంగటి కెలికాడు. బియ్యం, రాగిపిండి కలిపి ముద్ద చేసి, ఉలవ పప్పులో అద్ది ఎలా మింగాలో చూపించాడు. ఒకే గింజను మేం ముద్ద చేస్తే వాళ్ళు రొట్టె చేస్తారు, అంతే తేడా.

రాత్రి అవ్వ నందాదేవి కథ చెప్పింది. అక్క మాకు తెలుగులో చెబుతూ వచ్చింది. నందాదేవి వాళ్ళ ఇంటి ఆడపిల్లట. కైలాసంలో శివుడికి ఇచ్చి చేశారట. పన్నెండేళ్ళకోసారి ఊళ్ళన్నీ కలిసి ఆమెను అత్తారింటికి సాగనంపుతూ రోజుల తరబడి కొండల్లో నడుస్తారు, చీరలు, గాజులు పెడతారు. చెబుతూ చెబుతూ అవ్వ ఏడ్చింది, సొంత కూతురు గుర్తొచ్చినట్టు. అప్పుడు మాష్టారు మా తాతయ్యగుంట గంగమ్మ గురించి చెప్పారు. గంగమ్మ మా వెంకన్న చెల్లెలని, జాతరకు అన్నగారింటి నుంచి పసుపు, కుంకుమ, చీరలతో సారె వస్తుందని. అవ్వ కళ్ళు తుడుచుకుని, శ్రద్ధగా విని, ఒకటే అడిగింది. "మరి ఆమె అత్తారిల్లు ఎక్కడ?" మాలో ఎవరికీ చెప్పడం చేతకాలేదు.

బయలుదేరే రోజు అవ్వ మాష్టారి చేతిలో ఒక జత ఉన్ని మేజోళ్ళు పెట్టింది. బూడిద రంగు, అంచున ఎర్ర గీత. ఆ రెండు రోజులూ పొయ్యి దగ్గర కూర్చుని అల్లింది అవే అని అప్పుడు తెలిసింది. ఆయన జేబులో చెయ్యి పెట్టి డబ్బు తీయబోతే కసిరింది. రైతన్న మిగిలిన రాగిపిండి అంతా ఆమె డబ్బాలో పోసి వచ్చాడు.

మరుసటి ఏడాది జూన్‌లో కేదారనాథ్ వరదలు వచ్చినప్పుడు అక్క ఫోన్ మీద ఫోన్ చేసి, మూడో రోజుకు అవ్వ గొంతు విన్నాక మాకందరికీ చెప్పింది. 2021 ఫిబ్రవరిలో రిషిగంగ, ధౌలిగంగల వరదప్పుడూ అంతే. 2023 జనవరిలో మాత్రం మాష్టారు నాకే ఫోన్ చేశారు.

"టీవీ పెట్టబ్బా. అవ్వ వాళ్ళ ఊరు."

జోషీమఠ్ గోడలు నిలువునా చీలి ఉన్నాయి. ఎనిమిది వందలకు పైగా ఇళ్ళకు పగుళ్ళు. రోప్‌వే ఆపేశారు. ఎప్పుడో కొండచరియలు విరిగిపడి పేరుకున్న మట్టి మీద ఆ ఊరు నిలిచి ఉందని, అక్కడ బరువైన కట్టడాలు వద్దని 1976లోనే మిశ్రా కమిటీ చెప్పిందని టీవీలో అంటున్నారు. మాష్టారు ఫోన్ పెట్టేయలేదు, మాట్లాడనూ లేదు. ఇద్దరం చెరొక ఇంట్లో అదే బొమ్మ చూస్తూ ఉండిపోయాం. చాలాసేపటికి "ఏ రెండు కొండలో ఆ రోజు అడగలేదు నేను" అన్నారు.

అక్కకు వారం తర్వాత అవ్వ కొడుకు దొరికాడు. ఇంటి మధ్య గది నేల కుంగిందట. అదే పొయ్యి ఉన్న గది. ఖాళీ చేసి కర్ణప్రయాగలో చుట్టాలింట్లో ఉంటున్నారు. అవ్వకు ఫోన్ ఇచ్చాడు. తన ఇంటి మాట ఒక్కటీ చెప్పలేదట. మీ దగ్గర ఈ ఏడు మండువా బాగా పండిందా అని అడిగిందట. రైతన్నకు ఈ మాట చెబితే మర్నాడే పది కిలోల రాగులు మూట కట్టి పార్సిల్ చేశాడు.

మా పద్నాలుగు మందిలో ఇప్పుడు శనివారం కొండెక్కేది ఐదుగురమే. పిల్లలిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళిపోయారు, అక్కకు బదిలీ అయింది. మాష్టారికి డెబ్బై దాటి చాలా రోజులైంది. డాక్టరు వద్దన్నా ధనుర్మాసంలో మాత్రం మానరు, గాలిగోపురం దాకా అయినా వస్తారు. పోయిన డిసెంబరులో ఒక శనివారం నాలుగున్నరకు అలిపిరి దగ్గర ఆయన కోసం నిలబడ్డాను. దీపాల చుట్టూ మంచు పట్టి ఉంది. ఆయన ఆటో దిగి, పాదాల మండపం దగ్గర అరుగు మీద కూర్చున్నారు. చెప్పులు విప్పారు. లోపల బూడిద రంగు మేజోళ్ళు, అంచున ఎర్ర గీత. మడమ దగ్గర చిరిగితే వేరే రంగు ఊలుతో కుట్టించారు. వాటినీ మెల్లగా విప్పి, ఒకదానిలో ఇంకొకటి దోపి, సంచిలో పెట్టుకుని, నా భుజం పట్టుకుని లేచారు.

"పద నాయనా" అన్నారు. మొదటి మెట్టు రాయి చల్లగా ఉంది.